పడవ లేని బొమ్మ

సొజోపోల్ అనే రేవు ఊరి పాతబస్తీలో, సముద్రం వైపు దిగే ఇరుకు సందులో, వేసవి అంతా మేము బల్లలు వేసుకుని కూర్చుంటాము. నా బల్ల మీద పాత దిక్సూచులు, దూరదర్శినులు ఉంటాయి. నాకు ఎడమ పక్కన లేసులు అల్లే ముసలమ్మ దోబ్రా, కుడి పక్కన దెస్పినా. ఆమెకు అవతల కూర్చునే స్టోయ్కో పడవలు తప్ప మరొకటి గీయడు.

దెస్పినా బుర్గాస్ ఉప్పుమడుల ప్రయోగశాలలో ఉప్పునీటి సాంద్రత కొలిచే ఉద్యోగం చేసి విరమించింది. ఆ తరువాతనే యాక్రిలిక్ రంగులు కొనుక్కుంది. ఆ రంగు ఆరిన తరువాత కొంత ముదురుతుంది; అందుచేత ఆమె ప్రతి ఛాయనూ ముందుగా ఒక అట్టముక్క మీద పూసి, ఆరనిచ్చి, సరిచూసుకున్నాకనే గుడ్డ మీదికి తెచ్చేది.

ఆ వేసవిలో ఆమె అమ్మకానికి పెట్టినది ఒక్కటే బొమ్మ. ఎత్తు ఎనభై సెంటీమీటర్లు, వెడల్పు అరవై. కింద తుప్పు రంగు, మధ్యలో పలచని గులాబీ, పైభాగాన ఉప్పు గీరే చెక్క పలకతో అడ్డంగా లాగిన తెలుపు. అందులో మనిషి లేడు, చెట్టు లేదు, ఒడ్డు కూడా లేదు. ఏమిటిదని అడిగినవారికి "చూస్తున్నారుగా, ఇదే" అనేది.

మా సందులో బోణీకి ఒక నియమం ఉంది. పొద్దున మొదట వచ్చిన కొనుగోలుదారును ఎవరూ వెనక్కి పంపరు. అతడు అడిగిన తీరున ఇచ్చి, ఆ నోటును గడ్డానికి రాసుకుంటారు. ఒక బల్ల దగ్గర బోణీ చెడితే ఆ రోజు వరస మొత్తానికీ బేరం ఉండదని నమ్మకం. రేవులో హోటలు నడిపే రాద్కోకు ఇది బాగా తెలుసు. అందుకే అతడు ఎప్పుడూ అందరికంటే ముందు వస్తాడు.

జూలైలో ఒక శనివారం, మేమింకా బల్లల మీద గుడ్డలు పరుస్తుండగానే వచ్చి దెస్పినా ముందు ఆగాడు.

"ఈ గులాబీ మా భోజనాల గది కుర్చీలకి సరిగ్గా కుదురుతుంది దెస్పినా. తీసుకుంటా."

"తీసుకోండి."

"అడ్డంగా తగిలిస్తా, నిలువుగా చోటు లేదు. ఇంకోటి, ఈ మూల ఖాళీగా ఉంది కదా, ఓ చిన్న పడవ వెయ్యి. తినేవాళ్లకి ఏం చూస్తున్నారో తెలియాలిగా!"

"తినేవాళ్లకి పళ్లెంలో ఏముందో తెలిస్తే చాలు."

స్టోయ్కో పకపకా నవ్వాడు. "వేసెయ్యక్కా! చేతకాకపోతే చెప్పు, నేనేస్తా. తెరచాప ఫ్రీ!"

"నీ పడవల్ని నీ బల్ల మీదే తేలనీ."

రాద్కో నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. "సాయంత్రానికి వేసి పంపు. బోణీ చేస్తున్నా, కాదనకు."

దెస్పినా వాటిని అతని వైపు జరిపింది. "పడవ వెయ్యను. అడ్డంగా తిప్పను."

మొదట లేచింది స్టోయ్కో గొంతే. "బోణీని తిప్పికొడతావా? మా అందరి నోట్లో మట్టి కొడతావా? ఇలాంటిదానికి ఈ వరసలో చోటెందుకు? దోబ్రా పిన్నీ, లేచి పొమ్మని చెప్పు!"

సందులో అందరికంటే పాత మనిషి దోబ్రా. ఎవరి బల్ల ఎక్కడ ఉండాలో తేల్చేది ఆమె మాటే. దెస్పినా ఆమె వైపు తిరిగింది.

"బోణీ అంటే బల్ల మీద ఉన్నది కొనడం పిన్నీ. ఈయన లేనిది కొంటానంటున్నాడు. అయినా నువ్వు లేవమంటే లేస్తా. బొమ్మ మాత్రం ఇలాగే ఉంటుంది."

దోబ్రా అల్లిక ఆపలేదు. "ఆ బొమ్మ నాకు ముక్క అర్థం కాదు. కానీ ఈ రాద్కో వాళ్ల నాన్న ఒకసారి నా మేజాగుడ్డ అంచు కత్తిరించి ఇమ్మన్నాడు, బోణీ అంటూ. కత్తిరించి ఇచ్చా. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నా. కూర్చోవే."

రాద్కో నోట్లు జేబులో కుక్కుకున్నాడు. "దీన్ని ఎవడు కొంటాడో చూస్తా!"

"చూడండి. చూడటం ఊరికేనే."

ఎండ ముదరక ముందే స్టోయ్కో ఒక పడవ బొమ్మను అమ్మాడు. మాకు వీపు తిప్పి నోటును గడ్డానికి రాసుకున్నాడు.

"ఇంకాస్త గట్టిగా రాసుకో తమ్ముడూ!" అన్నది దెస్పినా.

ఆమె బొమ్మ ఆ రోజు అమ్ముడుపోలేదు. మర్నాడు అందరికంటే ముందు వచ్చి, దానిని అదే చోట నిలువుగానే నిలబెట్టింది. కింద కొత్త అట్ట ఒకటి ఉంది. ప్రయోగశాలలో సీసాల మీద రాసినంత శ్రద్ధగా కొలతలు, రంగు రకం, ధర రాసి, చివరి వరుసలో మరో వివరం చేర్చింది: "పడవ లేదు. ఉండదు."