కాలువ పక్కన కోసుగడ్డ

ఆ రోజుల్లో కర్నూలు మనకు రాజధాని. మూణ్ణాళ్ళ ముచ్చటే అయినా, కర్నూలులో ఉద్యోగమంటే ఆ హోదానే వేరు. నా ఉద్యోగం మాత్రం బేతంచెర్ల దగ్గర, నాపరాళ్ళు తప్ప నీడ కనబడని ఒక పల్లె బడిలో. పంతులూ నేనే, గంట కొట్టేదీ నేనే. కొత్తగా పెళ్ళయింది. మామగారేమో "కర్నూలుకు బదిలీ చేయించుకోండి, మా బిడ్డను పంపుతాం. ఆ రాళ్ళల్లోకి మాత్రం పంపేది లేదు" అని తేల్చేశారు. పెళ్ళయీ బ్రహ్మచారిగా బడి వరండాలో పడుకునేవాణ్ణి.

బడికో తోట ఉండాలని పైవాళ్ళు పట్టుబట్టిన కాలం అది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు క్యాబేజీ విత్తనాల పొట్లం నా చేతిలో పెట్టి, "ఈ నేలలో కోసుగడ్డ పండించి చూపించవయ్యా, నీ కర్నూలు సంగతి నేను చూసుకుంటా" అన్నారు. ఊరి పెద్దాయన తన బావి నుంచి కాలువ తీయించాడు. నేను మడిలో విత్తనాలు చేత్తో చల్లాను. మొలకలు రాగానే ఆనందం పట్టలేక, దసరా సెలవులకు అత్తవారింటికి పోయి, బదిలీ చేతికొచ్చినట్టే కోతలు కోసి వచ్చాను.

తిరిగొచ్చేసరికి తోట అద్దంలా ఉంది. పెద్దాయన మీసం దువ్వుతూ ఎదురొచ్చాడు. "ఏమప్పా అయ్యవారూ, నువ్వు లేకపోతే తోటంతా కలుపు పట్టిపాయ. మనుషుల్ని పెట్టి పీకించినా. ఇప్పుడు సూడు ఎట్లుండాదో!" మెట్ట రైతు గొర్రుతో వరసగా సాళ్ళు తీసి విత్తుతాడు. ఆయన లెక్కలో సాలులో ఉన్నది పైరు, సాలు తప్పింది కలుపు. నేను చల్లిన కోసుగడ్డ చిందరవందరగా మొలిచింది. నీళ్ళతో కొట్టుకొచ్చిన అడవి ఆవగింజలేమో కాలువ పక్కన గీత గీసినట్టు మొలిచాయి. లేతప్పుడు రెంటి ఆకులూ ఒకటే తీరు, ఎంతైనా దగ్గరి చుట్టాలు కదా! ఆయన కోసుగడ్డనంతా పీకించి ఎద్దులకు వేయించి, అడవి ఆవను భద్రంగా నిలబెట్టాడు. ఇదంతా నాకు తెలిసింది, తెలిసి లాభం లేని రోజున. ఆవేళ మాత్రం ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను.

బజారులో గడ్డను చూశానే తప్ప, అది చేలో ఎట్లా పెరుగుతుందో చూసిన పాపాన పోలేదు. మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. గడ్డ జాడ లేదు. పసుపుపచ్చని పూలు పూశాయి.

"ఇదేంది పెద్దాయనా, గడ్డ యాడ?"

"నీకు శానా తొందరప్పా! పువ్వు పూయకుండా కాయ యాడన్నా కాస్తాదా?"

"మీ చేలో కలుపు మాదిరే ఉంది కదా?"

"ఉండాది. అయితే ఇది గవర్మెంటు ఇత్తనం గదా! ఇది కాస్తాది."

అంతటితో ఊరుకున్నాడా! వియ్యంకుడికి గడ్డ పంపుతానని కబురు చేశాడు. ఊళ్ళో వాటాలు వేసుకున్నారు, కాయని గడ్డకు కొట్లాడుకున్నారు. నీళ్ళు పెట్టడం ఒక్క పూట ఆలస్యమైతే నన్నే తిట్టేవారు.

ఇన్‌స్పెక్టరుగారు రానే వచ్చారు. పూల ముందు నిలబడి "కోసుగడ్డ ఏదయ్యా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే పెద్దాయన అందుకున్నాడు. "ఇంకా పూత మీదుండాది సార్!" ఇన్‌స్పెక్టరుగారు నవ్వీ నవ్వీ నాపరాయి మీద కూలబడ్డారు. "ఇది అడవి ఆవయ్యా! నీ బదిలీ కూడా ఇంకా పూత మీదే ఉందనుకో" అని జీపెక్కి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ సాలు పాడుగాను! నా కాపురం కూడా పీకించినావు గదా పెద్దాయనా!" అని అందరి ముందూ అరిచాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకొని ఇంటికి పోయాడు. మర్నాడు ఊళ్ళో కనబడలేదు.

ఆ మర్నాడు సాయంత్రం స్టేషన్ వైపు నుంచి ఆయన బండి వచ్చింది. బండిలో ట్రంకు పెట్టె, పెట్టె పక్కన మా ఆవిడ! "మీ మామతో తప్పు నాదే అని చెప్పినా. మా మిద్దెలో సగం మీకిచ్చినా. ఇంకేమప్పా, కోపం పోయిందా?" అన్నాడు పెద్దాయన. మామగారు ఇంకా ఆలోచిస్తుండగానే ఆవిడ పెట్టె సర్దుకుందట. దిగీ దిగగానే తోట వైపు చూసి, "ఎంత బాగుండాయి ఈ పూలు! ఎవరేసినారు?" అంది. పెద్దాయన నన్ను చూపించాడు.

కొన్నేళ్ళకు కర్నూలు బదిలీ వచ్చింది. అప్పటికి రాజధాని కాస్తా హైదరాబాదుకు తరలిపోయింది, నా అదృష్టం అట్లా ఏడ్చింది. బండెక్కేటప్పుడు మా ఆవిడ పెద్దాయన భార్యను పట్టుకొని ఏడ్చింది. నేను మగవాణ్ణి కదా, బడి వెనక్కి పోయి ఏడ్చి వచ్చాను.