రిలే మీద కుంకుమ

కాలిపోయిన మోటార్లకు కొత్తగా తీగ చుట్టడం నా వృత్తి. నంద్యాలలో కొట్టు. ఆళ్లగడ్డ పక్క పల్లెలో మా అన్న సేద్యం చేసేవాడు. పంతొమ్మిది వందల యాభైల చివర్లో ఆ పల్లెకు కరెంటు వస్తే, అన్న బావికి మోటారు బిగించింది నేనే. ఊళ్లో అదే మొదటి మోటారు. అది తిరిగిన వారానికే అన్న బావిలోంచి తోలుసంచితో నీళ్లు తోడే కపిలిని మూల పడేసి, దాన్ని లాగే ఎద్దుల్ని అమ్మేశాడు. కొన్నాళ్లు ఆగమని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. నా పని మీద నాకు అంత గర్వం.

మా అమ్మ పోయినప్పుడు నాకు ఐదేళ్లు. నన్ను పెంచింది మా వదిన. మోటారు తిరిగిన రోజు ఆమె గోడకు బిగించిన స్టార్టరు డబ్బా ముందు నిలబడి, "దీంట్లో ఏముందప్పా?" అని అడిగింది. మూత తీసి రిలేను చూపించాను. కరెంటులో తేడా వచ్చి మోటారు వేడెక్కితే, ఇందులోని సన్నటి మీట కదిలి కరెంటును ఆపేస్తుందని చెప్పాను.

"మోటారు ప్రాణం కాపాడేది ఇదే వదినా," అన్నాను. ఎంత సులువుగా చెప్పానో అని నాలో నేనే మురిసిపోయాను.

ఆయుధపూజ నాడు మా ఇళ్లలో కొడవలి మొదలు నాగలి దాకా అన్నిటికీ బొట్లు పెడతాం. ఆ రోజు మోటారు ఆపేశారు. వదిన మోటారుకు పెట్టింది, డబ్బాకు పెట్టింది. అక్కడితో ఆగి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ప్రాణం కాపాడేదాన్ని వదిలేస్తే ఎట్లా అనుకుని, మూత తీసి ఆ మీటకు కూడా తడిగంధం, కుంకుమ అద్దింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఉరిమింది, మెరిసింది, వాన మాత్రం పడలేదు. పిడుగు దెబ్బకు లైనులో మూడు ఫ్యూజుల్లో ఒకటి పోయింది. మిగిలిన రెండు తీగల మీదే మోటారు మూలుగుతూ తిరిగి వేడెక్కింది. అన్న దూరంగా మడికి నీళ్లు మళ్లిస్తున్నాడు. రిలే ఆపాల్సింది, ఆపలేదు. పొగ చూసి అన్న పరుగెత్తుకొచ్చేసరికి మోటారు కాలిపోయింది.

కబురు అంది మర్నాడు బస్సు దిగాను. బావి దగ్గర పదిమంది ఉన్నారు. వరి పొట్ట మీద ఉంది, నీళ్లు ఆగకూడని సమయం. అన్న ముఖాన నెత్తురు చుక్క లేదు.

"కాలకుండా చూస్తాదని నువ్వేగదరా చెప్పింది," అన్నాడు.

లైను దెబ్బతిందన్నాను. పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. యాడ నేర్చినావప్పా ఈ పని?"

నా పనిని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ అంతే. డబ్బా మూత తీశాను. గంధం ఎండి మీట కదలకుండా పట్టుకుపోయింది. గోటితో గీకి, ఎర్రటి పొడిని అరచేతిలో పోసుకుని అందరికీ చూపించాను.

"నా పనిలో తప్పు ల్యాదు. ఇంట్లో ఆడోళ్లు దీనికి పూజ చేసింటే నేనేం జేసేది?"

అప్పుడు చూశాను. అందరి వెనకా వదిన నిలబడి ఉంది, నా కోసం తెచ్చిన మజ్జిగ చెంబుతో. అన్న ఆమె వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది. ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు.

మోటారును బండికెక్కించి నంద్యాలకు తెచ్చాను. రాగితీగ మద్రాసు నుంచి రావాలి. పన్నెండు రోజులు పట్టింది. ఎద్దులు లేవు, కపిలి తోలుసంచి ఎండి పగిలిపోయింది. వెన్ను బయటికి రాకుండానే పైరు మాడింది. వదిన వీధిలోకి వస్తే, "మోటారు కాల్చినామె యాడికో పోతాంది," అనడం ఊరికి అలవాటైంది. ఆ పేరు పెట్టింది ఊరు కాదు, నేను.

మోటారు తిరిగి బిగించిన రోజు వదిన బావి దగ్గరికి రాలేదు. పని ముగించి ఇంటికి వెళ్లాను. పీట వేసి జొన్నసంకటి పెట్టింది. తప్పయిందని చెప్పడం మా ఇళ్లలో ఎవరికీ రాదు.

"కోపంలో అనేసినా వదినా," అన్నాను.

"తప్పు నాదే. దాయమని నేనంటానా? ముందు నా ఒక్కదానికి చెప్పింటే, అందరి ముందర నేనే చెప్పుకుందును గదప్పా," అంది.

సగంలోనే చెయ్యి కడుక్కున్నాను. వద్దన్నా ఇంకో ముద్ద వేసే మనిషి, ఆ రోజు కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.