విప్పని కవర్లు

మా బావ పోస్టాఫీసులో సార్టరు. ముప్పై నాలుగేళ్లు నిలబడి ఉత్తరాలు గూళ్లలో వేసిన మనిషి. ఒక్కనాడూ విమానం ఎక్కలేదు. బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుందనేవాడు.

అలాంటివాడికి విమానాలు నడిపేవాళ్ల పిచ్చి పట్టుకుంది. ఒంటరిగా సముద్రాలు దాటేవాళ్లు కొత్తగా బయల్దేరిన రోజులవి. ఫలానా పైలట్ ఫలానా తేదీన ఎగురుతున్నాడని పేపర్లో పడితే చాలు, బావకి అన్నం సయించేది కాదు. తన పేరూ అడ్రసూ తనే రాసుకున్న కవరొకటి పెద్ద కవర్లో పెట్టి, మర్యాదగా ఓ ఉత్తరం జతచేసి పంపేవాడు. అయ్యా, దీన్ని మీతో తీసుకెళ్లి, పైన సంతకం చేసి, దిగిన ఊళ్లో పోస్టు చెయ్యండి, అని. పదిమందికి రాస్తే ఇద్దరో ముగ్గురో చేసేవారు. పదిహేనేళ్లలో ముప్పై ఒక్క కవర్లు వచ్చాయి. ఆ తర్వాత సముద్రం దాటడం అందరికీ మామూలైపోయింది.

కవరు నలగకుండా లోపల ఓ తెల్ల అట్ట పెట్టాలి. అట్టలు కత్తిరించి లోపల పెట్టి అంటించే పని మా అక్కది. కవరు తిరిగొచ్చిన రోజు బావ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. అక్క ప్రతిసారీ ఒకే మాట అడిగేది, మీరు విప్పరా అని. లోపలేముంటుందే అట్టముక్క తప్ప, విప్పితే కవరు పాడైపోదూ అనేవాడు బావ. అలా ఎగిరొచ్చిన కవరు అంటించింది అంటించినట్టే ఉండాలట, సేకరించేవాళ్లకి అది పెద్ద పట్టింపు. ఇన్నేళ్లయినా నీకు బుర్రకెక్కదా అని ఒకసారి నవ్వాడు కూడా. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

అక్క పోయి ఆరు నెలలైంది. నేనొచ్చి ఇక్కడే ఉంటున్నాను. బావ పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటాడు, పేపరు చదువుతాడు. ఏం చదివావని అడిగితే చెప్పలేడు. ఓ రోజు కాఫీలో పంచదార వెయ్యడం మర్చిపోయాను. తాగి గ్లాసు పక్కన పెట్టాడు. ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. గ్లాసు తోమితే గ్లాసు తోమినట్టు ఉండేది, అంతే. ఇద్దరం మొద్దుబారిపోయాం.

పాత విమానాశ్రయంలో మ్యూజియం పెట్టారని తెలిసి, కవర్లన్నీ తీసుకుపొమ్మని బావే వాళ్లకి రాశాడు. ఎందుకు బావా అంటే, ఇంట్లో చోటు దండగ అన్నాడు. చోటు! ఇద్దరమున్న ఇంట్లో నాలుగు గదులు.

మ్యూజియం ఆయన పొద్దున పదింటికి వచ్చాడు. తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, ఎక్కడైనా అతుకులున్నాయేమోనని ఒక్కో కవరూ కిటికీ వెలుగుకి పట్టి చూశాడు. ఏడో ఎనిమిదో కవరు దగ్గర ఆగి, లోపల ఉత్తరాలున్నాయా అని అడిగాడు. ఉట్టి అట్టలన్నాడు బావ.

"కాదండీ, ఏదో రాసుంది. చూడండి."

బావ చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

నాకు తెలుసు. అక్క మొదటి అట్ట మీద రాస్తున్నప్పుడు పక్కనే ఉన్నాను, పన్నెండేళ్లదాన్ని. బావతో చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఆయనంతట ఆయన విప్పాలి, నువ్వు చెబితే ఇంకేముంది అంది. ఇంత మంకుపట్టు మనుషుల్ని ఎక్కడా చూడలేదు నేను. ఒకరు విప్పరు, ఒకరు చెప్పరు. మధ్యలో నేను నోరు కుట్టేసుకుని బతికాను. అక్క పోయాక కూడా ఆరు నెలలు చెప్పలేదు. అది మాత్రం అచ్చంగా నా తప్పే.

మ్యూజియం ఆయనకి విషయం అర్థమైంది. ముప్పై ఒక్కటీ విప్పకుండా ఉండడం చాలా అరుదని, గాజు బీరువాలో బావ పేరుతో పెడతామని, విప్పితే మాత్రం తీసుకోలేమని నెమ్మదిగా చెప్పాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ గాజు బీరువా కోసమే బావ సగం జీవితం ఆ కవర్లని పసిపిల్లల్లా చూసుకున్నాడు.

"విప్పు బావా," అన్నాను.

లోపలికెళ్లి గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాడు. సంతకాలకి తగలకుండా అంచు వెంబడి కోశాడు. అన్నిటికంటే చివర వచ్చిన కవరు మొదట కోశాడు. అట్ట తెల్లగా ఉంది. దాని ముందుదీ అంతే. అలా ఐదు తెల్ల అట్టలు. ఆరోదాన్లో ఉంది అక్క రాత: ఏమండీ, ఇక రాయను. అట్టలు మాత్రం పెడుతూనే ఉంటాను, కవరు నలక్కూడదు కదా.

మ్యూజియం ఆయన గ్లవ్స్ తీసేసి, వెళ్లొస్తానని చెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

బావ ఆగలేదు. సార్టింగు బల్ల దగ్గర అడ్రసులు చదివినట్టు, గొంతులో ఏ మార్పూ లేకుండా ఒక్కోటీ పైకి చదివాడు. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టిన పైలటమ్మ కవర్లో ఇలా ఉంది: ఈవిడ ఒంటరిగా అంత సముద్రం దాటింది. మీరు నాతో వీధి చివర పార్కు దాకా రారు. ఇంకోదాన్లో, నిన్న నా మాటకి నవ్వారు, కోపం రాలేదు, బాధేసింది, అని ఉంది.

చివరికి మిగిలింది అన్నిటికంటే ముందు వచ్చిన కవరు. దాన్లో ఇంతే ఉంది: ఏమండీ, ఇది మీ చేతికొచ్చేసరికి నెల పడుతుంది. ఈలోగా నా కోపం పోతుందేమో. విప్పగానే ఒక్కసారి అడగండి.

బావ దాన్ని రెండుసార్లు చదివాడు. ఎందుకొచ్చిన కోపమో నాకూ తెలీదు. ఆయనకసలే తెలీదు.

"కోపం పోయిందంటావా, పిడుగూ?" అని నన్నడిగాడు. చిన్నప్పుడు పెట్టిన పేరది. అక్క పోయాక ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి.

"పోయింది బావా," అన్నాను. మా అక్క సంగతి నాకు తెలుసు. పోలేదు.