కదిరప్ప పూడ్చిన గుంతలు

ఆ గురువారం మధ్యాహ్నం బెంగళూరు మహదేవపురలో, ఆఫీసు మీటింగులో ఉండగా నా ఫోన్ మోగింది. తెర మీద కదిరప్ప గారి పేరు. ఆదివారం ప్రయాణం గుర్తుచేయడానికే అయివుంటుందనుకుని కట్ చేశాను. గంట తర్వాత తీరిగ్గా నేనే చేస్తే ఎత్తింది ఆయన భార్య సరోజమ్మ. "మా ఆయన పోయినాడప్పా. అన్నం తిని పండుకున్నాడు. కాఫీకి లేపితే లేయలేదు," అంది. ఆమె గొంతు స్థిరంగానే ఉంది. నేనే ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆదివారం ఇద్దరం కలిసి చేయవలసిన పని ఒకటి ఉంది. దాన్ని నాలుగు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చింది నేను.

కదిరప్ప గారు చిక్కపేటలో తాళాలు, మడతబందులు, మేకులు అమ్మేవారు. వయసు డెబ్బై నాలుగు. తాతల నాడే బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. వారంలో ఆరు రోజులు ఇనుము, ఏడో రోజు రాయి. హొసకోటె దాటి, పాత మద్రాసు రోడ్డు వెంట ఆంధ్ర సరిహద్దు దాకా ఉన్న మెట్టచేలలో పెద్ద పెద్ద స్ఫటికాల కోసం నలభై ఏళ్ళు తిరిగారు. పలుగురాయి ఎక్కడైనా దొరుకుతుంది. ఆరు పలకలతో, మొన తీరి, లోపలికి చూపు దూరేంత స్వచ్ఛంగా పెరిగిన పలుగురాయి మాత్రం అదృష్టం ఉంటేనే దొరుకుతుంది. ఆయన మాత్రం అదృష్టమనేవారు కాదు. "గట్టు చూడు, చేను చూడొద్దు," అనేవారు. దున్నేటప్పుడు నాగలికి తగిలిన రాళ్ళను రైతు గట్టు మీద పారేస్తాడు కదా, ఆ గట్టు చదివితే చేను కడుపులో ఏముందో తెలుస్తుందని ఆయన లెక్క.

ఆయన పరిచయమైంది ఒక తలుపు గొళ్ళెం పుణ్యాన. కొత్త ఫ్లాటుకు గొళ్ళెం కొనడానికి వెళ్ళి, గల్లాపెట్టె పక్కన కొబ్బరికాయంత స్ఫటికం చూసి ధర అడిగాను. "అది సరుకు కాదు సార్, చుట్టం," అన్నారు. మళ్ళీ వారం అవసరం లేకపోయినా ఇంకో గొళ్ళెం కొన్నాను. మూడో గొళ్ళేనికి ఆయన నవ్వి, "మీ ఇంటికి ఎన్ని తలుపులుండాయి సార్? రాయి కోసమే వస్తా ఉంటే ఆదివారం పొద్దున్నే రాండి, పోదాం," అన్నారు. నేను కోస్తా జిల్లాలవాణ్ణి కాబట్టి మాటమాటకీ 'కదిరప్ప గారూ' అనేవాణ్ణి. "ఆ గారు ఏమిటికప్పా, నోరు నొస్తాది," అని విసుక్కునేవారు. నాకు ఆ అలవాటు పోలేదు. ఆయనకు ఆ విసుగూ పోలేదు.

ఒకసారి ఎవరో దంపతులు దుకాణానికి వచ్చి, స్ఫటికం ఇంట్లో ఉంటే శక్తి ప్రసరిస్తుందట కదా, ఒకటి ఇమ్మని బతిమాలారు. ఆయన ఓ పెద్ద రాయి తెచ్చి ఆ భర్త చేతుల్లో పెట్టారు. అతను తూలి కౌంటర్ పట్టుకున్నాడు. "శక్తి సంగతి నాకు తెలీదు సార్. బరువు మాత్రం ఉండాది," అన్నారు కదిరప్ప గారు. ముగ్గురూ నవ్వుకున్నారు. కాఫీ తాగి గాని ఆ దంపతులు కదల్లేదు.

ఆయనతో తిరిగిన మా పదిమందికీ ఆయన తవ్వే పద్ధతి తెలుసు. ముందు చేను గలవాళ్ళ అనుమతి. తర్వాత రెండు గోనెసంచులు పరిచి, పైమన్ను ఒకదాని మీద, అడుగుమన్ను రెండోదాని మీద పోసేవారు. మోచెయ్యి లోతు దిగాక గడ్డపార పక్కన పెట్టి వెదురుపుల్ల తీసుకునేవారు. వెదురు రాయిని గీరదు. రాయి పైకి వచ్చినా ఆ సంతోషంలో లేచి నిలబడనిచ్చేవారు కాదు. అడుగుమన్ను అడుగుకే, పైమన్ను పైకే పోసి, కాలితో తొక్కి, చేత్తో సవరించాలి. "గుంత పూడ్చినాకనే రాయి మనది. సరిగ్గా పూడ్చినామో లేదో పైరు చెప్తాది," అనేవారు. అడుగుమన్ను పైకి వస్తే ఆ మేరకు పైరు పొట్టిగా ఉండిపోతుందట.

అక్కడితోనూ అయిపోదు. రాయిని శుభ్రం చేశాక మళ్ళీ ఆ చేనికి తీసుకుపోయి ఆ రైతుకు చూపించాలి. వాళ్ళకు ముచ్చటైతే అక్కడే వదిలి రావాలి. దుకాణం వెనకే ఉన్న ఇంటి మేడమెట్ల మీద ఆయన పేర్చుకున్న రాళ్ళన్నీ అలా రెండోసారి అడిగి తెచ్చుకున్నవే. ప్రతి రాయి కింద ఒక చీటీ, చీటీలో ఆ చేనివాళ్ళ పేరు. తవ్వినవాడి పేరు ఉండేది కాదు.

ఒక్క చీటీలో మాత్రం ఆయన తన పేరు రాసుకున్నారు. ఆ సంగతి చెప్పకుండా ఈ నాలుగు మాటలు రాసే అర్హత నాకు లేదు.

నాలుగేళ్ళ కిందట, రాగి కోతలయ్యాక, సరిహద్దు దగ్గర చౌడమ్మ అనే రైతు చేలో తవ్వాం. మధ్యాహ్నానికి మన్నులో ఒక పలక మెరిసింది. సాయంత్రానికి మూరెడు పొడవు, తొడంత లావు స్ఫటికం పైకి వచ్చింది. మజ్జిగ తెచ్చిన చౌడమ్మ, "దీనికేనా ఇంత తవ్వింది? మా గట్టు మీద బోలెడుండాయి కదప్పా," అంది. "అవి పిల్లలు తల్లీ, ఇది అమ్మ," అన్నారు కదిరప్ప గారు. కారు నాది కాబట్టి రాయిని నా ఇంటికే పంపుతూ, "ఎనిమిది దినాలు చల్లనీళ్ళలో నానబెట్టు. ఎర్రమన్ను దానంతటది దిగల్ల. తొందరపడొద్దు," అని రెండుసార్లు చెప్పారు.

నేను ఎనిమిది గంటలు కూడా ఆగలేదు. డిసెంబరు చలికి రాయి మంచులా ఉంది. స్నానాలగదిలో పెట్టి గీజరు నీళ్ళు వదిలాను. ఎర్రమన్ను ధారలు కట్టి దిగుతుంటే ఆనందంగా చూస్తున్నాను. చిన్న చప్పుడు, టిక్కుమని. రాయి నడుమ తెల్లటి తెర ఒకటి అడ్డంగా లేచింది.

మరుసటి ఆదివారం ఆయన ముందు రాయి పెట్టి, "మన్ను పోయాక చూస్తే ఇలా ఉంది. తవ్వేటప్పుడు గడ్డపార తగిలిందేమో," అన్నాను. ముందుగా అనుకున్న అబద్ధం కాదు. నోటికి వచ్చేసింది, వెనక్కి తీసుకోలేదు. ఆయన రాయిని చూడలేదు. తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు. "వయసు అయిపోయింది కదప్పా," అన్నారు. పద్ధతి ప్రకారం ఆ రాయిని చౌడమ్మ దగ్గరికి తీసుకుపోయి, చేతులు జోడించి, "నా గడ్డపార తగిలి పగిలింది తల్లీ, మన్నించు," అన్నారు. "రాయే కదప్పా, పోనీలే. నువ్వే పెట్టుకో," అంది ఆమె. నేను పక్కనే నిలబడి కారు తాళంతో ఆడుకుంటున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన గడ్డపార పట్టలేదు. "నా చెయ్యి నమ్మేటట్టు లేదు, నువ్వు తవ్వు," అనేవారు. గట్టు మీద కూర్చుని నాకు చెప్పేవారు. నేను బాగా తవ్వుతున్నానని మావాళ్ళు మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు తియ్యగానే ఉండేది. ఇది రాయడానికి సిగ్గుపడుతున్నాను గాని, నిజం.

మొన్న జూన్‌లో దుకాణానికి వెళ్తే ఆయన తన గడ్డపార తెచ్చి నా చేతికిచ్చారు. "నువ్వే పెట్టుకో. నాకింగ ఏమిటికి?" అన్నారు. నలభై ఏళ్ళు పట్టిన చోట ఇనుము అద్దంలా నునుపెక్కింది. నా వేళ్ళు దానికి సరిపోలేదు.

"కదిరప్ప గారూ, ఆ రాయి గడ్డపారకి పగల్లేదు. నేను గీజరు నీళ్ళు పోశాను," అన్నాను.

ఆయన గల్లాపెట్టె మూశారు. "ఎంత వేడి?"

"పొగలొచ్చేంత."

"రా," అని మేడమెట్లెక్కారు. ఆ రాయిని కిటికీ వెలుతురుకు వంచి, వేలితో నిమిరారు. "గడ్డపార తగిలింటే పైన గాటుండల్ల, పెంకు లేసిండల్ల. ఏమీ లేదు చూడు. పగులంతా లోపలే. నాలుగేండ్లు నీ మాట విన్నానే గాని రాయిని చూడలేదు నేను. అది చెప్తానే ఉండాది పాపం."

"తిట్టండి," అన్నాను.

"తిట్టి ఏం చేసేది? నాలుగు వానకాలాలు తినేసినావు. సుమ్నే కూర్చో, మాట్లాడొద్దు." వంటింటి వైపు తిరిగి గట్టిగా అన్నారు: "సరోజా, ఈయప్పకి కాఫీ చల్లార్చి ఇయ్యి. వేడి చూస్తే ఈయనకి చెయ్యి ఆగదు."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చిన రోజు నా జీవితంలో అదొక్కటే. కాఫీ నిజంగానే చల్లగా వచ్చింది. తాగాను. ఆ రాయి కింది చీటీ అప్పుడే చూశాను. 'చౌడమ్మ చేను. పగులు నా చేతి తప్పు. కదిరప్ప.' అది మారుద్దామన్నాను. తల అడ్డంగా ఊపారు. "నాకు చెప్పింది సరే. నేను ఆయమ్మకి చెప్పింది అబద్ధమైపోయింది కదా. ఆ గుంత నువ్వు పూడ్చు. పూడ్చినాక చీటీ మార్చుకుందాం."

ఈ వానాకాలం ఆయన మళ్ళీ గడ్డపార పట్టారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, దెబ్బ దెబ్బకీ ఆగి మన్ను చప్పుడు విని, మళ్ళీ ఎత్తేవారు. పెద్దగా ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఆయన విచారించిందీ లేదు. చేతులకు బొబ్బలు లేస్తే మా అందరికీ చూపించుకుని మురిసిపోయారు. చౌడమ్మ దగ్గరికి మాత్రం నేను వెళ్ళలేదు. ఒక వారం వాన, ఒక వారం ఆఫీసు, ఒక వారం ఏమీ లేదు, వట్టి పిరికితనం. చివరికి ఆయనే, "ఈ ఆదివారం తోడు వస్తా, పోదాం పా," అన్నారు. ఆదివారానికి ముందే గురువారం వచ్చింది.

కర్మకాండ అయ్యాక సరోజమ్మను అడిగి ఆ రాయిని, చీటీని తీసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. చౌడమ్మ వాకిట్లో రాయి దించి, జరిగిందంతా చెప్పాను. ఆమె ముందు రాయి సంగతి పట్టించుకోలేదు. "అన్నం తినే పోయినాడా? కష్టపడలేదు కదా?" అని అడిగింది. పడలేదన్నాను. కొంగుతో ముఖం తుడుచుకుని, అప్పుడు నా వైపు తిరిగింది. "రాయి పగిలితే పగిలింది పో. పెద్దాయన నాకు చేతులు మొక్కుతా ఉంటే నువ్వు ఎట్ల చూస్తా నిలబడినావప్పా?"

జేబులోంచి చీటీ తీశాను. ఆమెకు చదివి వినిపించాను.

"ఇప్పుడన్నా వచ్చినావులే," అంది.

ఆమె చూస్తుండగా చీటీలో ఆయన పేరు కొట్టేసి నా పేరు రాశాను. అది ఆయన పెట్టిన నియమానికి విరుద్ధం కాదనే అనుకుంటున్నాను. అది తవ్వినవాడి పేరు కాదు, పగలగొట్టినవాడి పేరు. రాయి ఆమెకే ఉంచమన్నాను. ఎండ పడేసరికి లోపలి పగులులో రంగులు కదిలాయి. చౌడమ్మ వంగి చూసి, "సరోజమ్మకే ఇయ్యి. ఆ మెట్ల మీదనే ఉండనీ," అంది.

వెళ్ళేముందు ఆ చోటు చూడాలనిపించింది. చేనంతా రాగి వెన్ను వేసి నిలబడి ఉంది. "యాడ తవ్వినారో గుర్తుందా?" అని చౌడమ్మ నన్నే అడిగింది. వేపచెట్టుకు ఇవతల అనుకున్నాను. ఆమె గట్టుకు దగ్గరగా అంది. ఇద్దరం చెరో వైపు నుంచి వెతికాం. పగిలిన రాయి గురించి తప్ప మరి దేని గురించీ ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పవలసిన అవసరం రాలేదు. ఆ తప్పూ ఆయనది కాదు. ఆయనలా తవ్వేవాళ్ళు మాలో ఇకమీదట కూడా ఉంటారేమో. అలా పూడ్చేవాళ్ళు ఉంటారని నాకు నమ్మకం లేదు.

"నా చేను, నాకే తెలీకపోయెనే!" అని నవ్వింది చౌడమ్మ.

చేనంతా రెండుసార్లు తిరిగాను. ఎక్కడా పైరు పొట్టిగా లేదు.