నక్షత్రం గుర్తు పెట్టిన వరుస

కంప్యూటరుకు సెట్టింగులు రాసే ఫైలు ఎలా ఉంటుందో మొన్న మా మనవరాలు చూపించింది. పైన అన్నిటికీ వర్తించే నియమం. కింద ఒక్కోదానికి ఒక్కో భాగం. అందులో పేరు, ఎదురుగా విలువ. భాగంలో వేరేగా రాసి ఉంటే పై నియమం అక్కడ చెల్లదు. "ఈ గుర్తున్న వరుసలు మిషను పట్టించుకోదు తాతయ్యా. చదివే మనుషుల కోసం," అంది.

డెబ్భైల్లో నేను తెనాలిలో కాలవల ఆఫీసు గుమాస్తాని. రేపల్లె వైపు తూముల తలుపులు ఎత్తడానికి చక్రం ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పే కాగితం అచ్చం ఇలాగే ఉండేది. పైన: అన్ని తూములూ పొద్దున్నే మూడు చుట్లు. కింద, మూడో తూము: ఒక్క చుట్టే. దానికింద నక్షత్రం గుర్తు పెట్టి, తలుపులెత్తే ముసలి లస్కరు వంకర అక్షరాలతో రాసుకున్నాడు: "దిగువన గడ్డి కోసే ఆడవాళ్లు కాలవ దాటుతారు."

ఆయన రిటైరై చెరుకుపల్లి వెళ్లిపోయాక, ఆ కాగితాన్ని శుభ్రంగా తిరగరాయమన్నారు నన్ను. నా దస్తూరీ అంటే నాకు మహా పొగరు. నక్షత్రం వరుస ఆర్డరు కాదు కదా అని వదిలేశాను. అది పోయాక ఆ ఒక్క చుట్టు పొరపాటులా కనిపించింది. మూడు చేసి పారేశాను. ఎవరినైనా అడిగితే నా సొమ్మేం పోయేది!

కొత్త లస్కరు కాగితంలో ఉన్నట్టే మూడు చుట్లూ తిప్పాడు. గడ్డిమోపుతో కాలవ దాటుతున్న ఒకావిడ కొట్టుకుపోయి చచ్చిపోయింది. బాపట్ల నుంచి వాళ్లక్క వచ్చి గట్టు మీద పడి ఏడ్చింది.

నాలుగో రోజున ముసలాయన ఆఫీసుకొచ్చాడు. గోడకున్న నా కాగితం మీద వేలు పెట్టి వెతికాడు.

"మూడో తూము సంగతేదండీ బాబూ? రాశాను కదండీ?"

పాత కాగితం నా సొరుగులోనే ఉంది.

"మీరిచ్చినదాంట్లో లేదండి," అన్నాను.

"అయితే నేనే మర్చిపోయుంటానండి. ముసలాణ్ణి కదా," అంటూ ఆయన కాగితం మీంచి వేలు తీసేశాడు.

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా కుళాయి గట్టిగా తిప్పితే లేచి వెళ్లి కట్టేస్తాను. నీళ్ల చప్పుడులో నాకు వినిపించేది ఆ ముసలాయన గొంతే. బతికినన్నాళ్లూ ఏటా ఆవిడ పోయిన రోజున ఆ గట్టుకొచ్చి, "తప్పైపోయిందమ్మా" అని దణ్ణం పెట్టుకునేవాడట. నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆయన రాసిన కాగితం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.