తెంచని లైను

మేమంతా అన్న అని పిలిచే ఆయన పోయాడని, ఆయన భార్య నంద్యాల నుంచి ఫోన్ చేసింది. "పొద్దున కాఫీ తాగి పండుకున్యాడు. మళ్లీ లేయలేదమ్మా" అంది. నేను బస్సెక్కి వెళ్లేసరికి ఇంటిముందు పట్టుమని పదిమంది లేరు. ఆయన ఏం పని చేసేవాడో ఆ వీధిలో చాలామందికి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం తర్వాత కొన్నేళ్లు నేను ఆళ్లగడ్డలో ఒక ట్రస్టు వాళ్ల చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేశాను. వాళ్ల పెద్దాసుపత్రి నంద్యాలలో ఉండేది. ఊళ్లో గొడవలైతే ఫోను తీగలు తెగేవి, బస్సులు ఆగేవి. అందుకని ఆళ్లగడ్డలో, బనగానపల్లెలో ఆసుపత్రి మిద్దెల మీద డిష్షులు పెట్టించి, ఉపగ్రహం ద్వారా నంద్యాల డాక్టరుతో కలిపారు. నంద్యాలలో కూర్చుని దాన్ని నడిపింది అన్న. ఉపగ్రహంతో కలిపే సొంత కేంద్రం కట్టుకునే స్తోమత ట్రస్టుకు లేదు. హైదరాబాదులో ఒక కంపెనీ కేంద్రాన్ని బ్యాంకులు, విత్తనాల వ్యాపారులు, షేర్ల వాళ్లు కలిసి వాడుకునేవారు. అందులో చిన్న వాటా మాది.

"మన రోగుల సంగతి వాళ్లకంతా తెలుస్తాది గదన్నా?" అని ఒకసారి అడిగాను.

"తెల్దమ్మా. కాలవ ఒకటే, మడులు యేరే. మన గట్టు తెగకుండ చూసేదే నా పని."

పొద్దున్నే తెర మీద కనిపించి, "ఆళ్లగడ్డా, కనిపిస్తాండానా?" అని పిలిచేవాడు. తర్వాత "తిన్యావామ్మా?" అనేవాడు. షేర్ల బజారు తెరిచే వేళకు కేంద్రంలో రద్దీ పెరిగి మా బొమ్మ ముక్కలయ్యేది. అప్పుడు హైదరాబాదు వాళ్లతో ఆయన మాట్లాడటం నాకు వినిపించేది. గొంతు పెంచేవాడు కాదు. "మీ ఆడ షేర్లు పడిపోతాండాయేమో. మా ఈడ మనిషి పడిపోతాండాడు సార్."

కుందూ నది పొంగిన ఏడు, రోడ్లు మునిగిన రోజు, పురుగుమందు తాగిన ఒక పత్తి రైతును మంచం మీద మోసుకొచ్చారు. మా డాక్టరు అవతలి ఒడ్డున చిక్కుకుపోయాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. నంద్యాల డాక్టరు తెర మీద రైతు కంటిపాపలు చూస్తూ, ఇంజెక్షన్ ఎప్పుడు ఎంత ఇవ్వాలో చెబుతున్నాడు. వాన ముదిరితే ఉపగ్రహం సరిగా అందదు. ఆ రోజు మా వాటాలో ఒక్క ఊరి బొమ్మకే చోటు మిగిలింది. మధ్యాహ్నమంతా ఆ లైను మాకే ఉంది. సాయంత్రానికి రైతు కళ్లు తెరిచి నీళ్లడిగాడు.

తర్వాత కొన్నాళ్లు తెర మీదికి వేరే మనిషి వచ్చాడు. ఆ తర్వాత ఒక పొద్దున అన్నే కనిపించాడు. గుండు చేయించుకుని ఉన్నాడు.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"నాయన పోయినాడు. బొమ్మ బాగ వస్తాందా?"

మిగతాది బనగానపల్లె నర్సు చెబితే తెలిసింది. మా రైతు మంచం మీద కొట్టుకుంటున్నప్పుడే ఆమె దగ్గరికి అన్న తండ్రిని గుండెనొప్పితో తెచ్చారట. బొమ్మ వెళ్లకపోయినా అక్షరాలు వెళ్లేవి కాబట్టి, వచ్చింది మీ నాయనేనని తెర మీద నాలుగు ముక్కలు రాసి అన్నకు పంపింది. ఎవరో పెద్దాయనకు గుండెనొప్పి అని మాత్రం అన్న డాక్టరుకు చెప్పాడు. డాక్టరు చెప్పిన మాత్ర వేశారు. గుండె పరీక్ష గీతలు చూడాలంటే మా లైను తెంచాలి. తెంచితే ఆ వానలో మళ్లీ కలుస్తుందన్న నమ్మకం లేదు. ఆయన తెంచలేదు.

రెండేళ్లకు ఆ రైతు మళ్లీ మందు తాగాడు. ఈసారి మా దాకా తీసుకురాలేకపోయారు. ఆ కబురు తెర ముందు చెప్పి, నేను ఏడ్చాను. "అంత చేసి ఏం మిగిలిందన్నా?"

ఆయన తెరకు దగ్గరగా జరిగాడు.

"ఆ పొద్దు బతికినాడు గదమ్మా. నా చేతిలో ఉండింది ఆ పొద్దే."

"మరి నాయన?"

"ఆయప్పను నేను అడగలేదు. అడిగింటే ఏమంటాడో యోచన చేస్తానే ఉండా" అన్నాడు.

ఊళ్లకు మంచి తీగలు వచ్చాక ట్రస్టు వాళ్లు ఆ ఏర్పాటు ఎత్తేశారు. డిష్షులు విప్పడానికి కంపెనీ మనుషులు వచ్చారు. నాయనను తెచ్చిన బనగానపల్లె ఆసుపత్రిది తానే విప్పుతానని అన్న అడిగి వెళ్లాడు. మా ఆసుపత్రి సామాను వాళ్లకు అప్పగించడానికి నేనూ వెళ్లాను. మిట్టమధ్యాహ్నం మిద్దెక్కి, మరలన్నీ ఊడదీసి, డిష్షును తాడుతో కిందికి దించాడు. కింద లారీలో సర్దుతూ, అన్నానికి రమ్మని వాళ్లు కేకేశారు. నేను నిచ్చెన సగం ఎక్కి చూశాను. ఆయన ఎండలో, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, ఉత్త ఇనుప స్తంభానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. స్పానరు ఇంకా చేతిలోనే ఉంది. నేను పిలవకుండా దిగి వచ్చేశాను.