మత్సుతాకె మొలిచే చోటు

నెబాసావా అనే కొండ ఊళ్ళో తండ్రి కొడుక్కి ఇల్లు ఇస్తాడు, వరిమడి ఇస్తాడు, తాతనాటి కొడవలి కూడా ఇస్తాడు. కొండ మీద మత్సుతాకె పుట్టగొడుగు మొలిచే చోటు మాత్రం ఇవ్వడు. ఎవడి చోటు వాడిదే, ఎవడి ముక్కుతో వాడు వెతుక్కోవాల్సిందే. తండ్రికి మాట పడిపోయేలోగా చెబుతాడేమోనని కొడుకులు మంచం పక్కన చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. తండ్రులు మంచినీళ్ళు అడిగి పోతారు.

తొకుజి ముసలాడు ఈ విషయంలో ఊరందరిలోకీ మొనగాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. వెళ్ళిన దారిన తిరిగి రాడు. వెనక ఎవరైనా వస్తున్నారని అనుమానం వస్తే రాయి మీద కూర్చుని తీగ ఒలుచుకుంటూ పొద్దు గడిపేస్తాడు గానీ ముందుకు అడుగు వెయ్యడు.

అతని కోడలు ఇనెకో. నగోయాలో పుట్టి, మొరియోని చేసుకుని ఈ కొండల్లోకి వచ్చింది. మొరియో కలప లారీ నడుపుతాడు. నాలుగు గదుల పాత ఇంటిని బసగా మార్చి నడిపేది ఇనెకోనే. ఆకురాలు కాలంలో కొండలు ఎర్రబడగానే టోక్యో వాళ్ళు, ఒసాకా వాళ్ళు వస్తారు. వాగు వెంట తిరుగుతారు, తొకుజి దగ్గర అకెబి తీగతో బుట్ట అల్లడం నేర్చుకుంటారు, రాత్రి మత్సుతాకె వేసి వండిన అన్నం మూత తీసి ఆ ఆవిరికి కళ్ళు మూసుకుంటారు. ఎర్రటి ఆకులు పక్క లోయలోనూ ఉన్నాయి, బుట్టలు ఎక్కడైనా దొరుకుతాయి. వాళ్ళు వచ్చేది ఆ అన్నం కోసం. పుట్టగొడుగులు కొని వండితే అతిథులిచ్చిందంతా ఆ గిన్నెలోకే పోతుంది. అంటే ఇనెకో బతుకంతా ముసలాడి బుర్రలో ఉన్న ఒక్క చోటు మీద నడుస్తోంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ముసలాడికి ఇంకా బాగా తెలుసు.

“ఇది బుట్టా, పిట్ట వదిలేసిన గూడా?” అంటూ ఒకసారి ఒసాకా పెద్దావిడ పొద్దుటినుంచి అల్లినదాన్ని ఆవిడ కళ్ళ ముందే విప్పిపారేశాడు. ఆవిడ నవ్వబోయి, నవ్వలేక ముఖం తిప్పుకుంది.

“మావయ్యా, డబ్బిచ్చి వచ్చినవాళ్ళు,” అంది ఇనెకో వంటింటి గుమ్మంలోంచి.

“డబ్బిస్తే చేతులొస్తాయా? ఏయ్, నువ్వూ వచ్చి ఇన్నేళ్ళయింది. నీకేమొచ్చింది? అన్నం మాడ్చడం వచ్చింది.”

మిగతా అతిథులు నవ్వారు. వాళ్ళకది పల్లెటూరి ముసలాడి చమత్కారం. ఇనెకోకు చేతిలో పళ్ళెం నేలకేసి కొట్టాలనిపించింది. అది తన డబ్బుతో కొన్నది కాబట్టి కొట్టలేదు.

ఒక ఏడు ఆమె అతని వెనకే దొంగచాటుగా వెళ్ళింది. ముసలాడు గమనించనట్టే నడిచి, తూర్పున రెల్లు బురదలోకి తీసుకుపోయి, అక్కడ మాయమైపోయాడు. నడుం లోతు బురదతో, ఒక చెప్పు పోగొట్టుకుని ఆమె సాయంత్రానికి ఇల్లు చేరింది. ముసలాడు అతిథులతో కలిసి సాకె తాగుతున్నాడు.

“అదిగో, మత్సుతాకె వచ్చింది! మట్టి కడిగి ముక్కలు కోసుకోండి,” అన్నాడు.

ఇల్లంతా గొల్లుమంది. మొరియో కూడా నవ్వాడు. ముసలాడి మాట ఆమె మరిచిపోయినా, మొగుడి నవ్వు మరిచిపోలేదు.

ముసలాడికి ఒక కన్ను పోయాక ఆమె సిగ్గు విడిచి అడిగింది. “రెండోదీ మసకేస్తోంది కదా మావయ్యా. మీ తర్వాత మేమెలా బతకాలి?”

“నేను చచ్చాక నా బూడిదనడుగు. చెబుతుంది.”

ఆ అక్టోబరులో కొండెక్కిన ముసలాడు పొద్దుగూకినా దిగిరాలేదు. తెల్లారగానే ఊళ్ళో అగ్నిమాపక దళం కుర్రాళ్ళు, ముసలాళ్ళు పోగయ్యారు. దళం పెద్ద కితహరా, సాకె దుకాణం ఆయన, వాగు ఒడ్డున నిలబడి గొంతు చించుకుని పిలిచాడు. కొండ పలకలేదు.

“మనం అరిచి లాభం లేదు,” అన్నాడు చివరికి. “చోటు పక్కనే పడుంటే ఆయన పలకడు. పలికితే మనందరికీ తెలిసిపోదూ?”

“మా నాన్నా అంతే,” అన్నాడు పక్కవాడు. “కాలు విరిగి రోజల్లా పడున్నాడు గానీ, కిక్కురుమంటే ఒట్టు.”

మొరియో తలూపాడు. ఎవరికీ ఇందులో వింతేమీ కనిపించలేదు.

ఇనెకో ఆలోచించింది. తనను తూర్పుకి తిప్పాడంటే చోటు పడమర ఉండాలి. “నేను బురద వైపు చూసొస్తా,” అని వాళ్ళకు చెప్పి, చెట్ల చాటుకి రాగానే పడమటికి తిరిగింది. వెతికింది ముసలాడినా, చోటునా అంటే ఆమే చెప్పలేదు.

కూలిపోయిన బొగ్గుల బట్టీ పక్కన దొరికాడు. మోకాలి కింద కాలు అడ్డంగా తిరిగిపోయి ఉంది. పెదవులు నీలం. మూలుగు బయటికి రాకుండా నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఆమె దాన్ని లాగేసింది.

“వెనకాల ఎవరన్నా ఉన్నారా?” అన్నదే అతని మొదటి మాట.

“లేరు.”

“ఇక్కడేం లేదు. చూడకు.”

ఆమె చూసింది. వాలు పైనుంచి బట్టీ దాకా రాలిన పైన్ ఆకుల్ని చీల్చుకుంటూ మనిషి ఒళ్ళీడ్చుకొచ్చిన జాడ. విరిగిన కాలితో రాత్రంతా చోటుకు దూరంగా పాక్కుంటూ వచ్చాడు. చావనైనా చస్తాను గానీ దాని పక్కన దొరకనన్నమాట.

ఆమె చూపు ఎటు పోయిందో ముసలాడు కనిపెట్టాడు. అప్పుడు గానీ అతని ముఖంలో భయం కనిపించలేదు.

“కేకెయ్యి. చలేస్తోంది. మొరియోని పిలువు.”

కింద వాగు దగ్గర మొరియో గొంతు వినిపిస్తూనే ఉంది. ఒక్క కేక వేస్తే వస్తాడు. అతనితో పాటు ఊరంతా వస్తుంది. ఆ జాడ చూసిన ఏ వెధవకైనా మిగతా దారి తెలిసిపోతుంది.

“ఉండండి మావయ్యా. ఇప్పుడే వస్తా.”

“కోడలా!” అన్నాడు. అన్నేళ్ళలో ఆమెను అలా పిలవడం అదే మొదలు.

ఆమె జాడ పట్టుకుని ఎక్కింది. పైన ఎర్ర పైన్ చెట్లు పలచగా ఉన్నాయి. వాసన ముందు తగిలింది, తర్వాత కంటికి ఆనాయి. ఆకుల్ని నెత్తినెత్తుకుని వరసగా లేస్తున్నాయి. ఇనెకోకు ఒళ్ళు తెలియని సంతోషం కలిగింది. అది దాచుకోవాల్సిన అవసరం అక్కడ లేదు కాబట్టి పైకే నవ్వేసింది.

దిగేటప్పుడు వెనక్కి నడుస్తూ, దోసెడు దోసెడు ఆకులు తెచ్చి జాడ మీద కప్పుకుంటూ వచ్చింది. తొందరపడలేదు.

కిందనుంచి ముసలాడు ఒంటికన్నుతో చూస్తున్నాడు. “తడి ఆకు పైన వేస్తావేంటే... ఎండుది పైకి రావాలి,” అన్నాడు పీలగొంతుతో. ఆమె సరిచేసింది. అతను మళ్ళీ ఏదో అన్నాడు. వినిపించుకోలేదు. ఆఖరి దోసెడు కప్పి, చేతులు దులుపుకుని వచ్చేసరికి ముసలాడు ఆమె వైపే తిరిగి ఉన్నాడు. ప్రాణం లేదు.

అప్పుడు కేక వేసింది, గొంతు చిరిగేలా. అందరూ ఉరికొచ్చారు. చేతులు జోడించి తలలు వంచారు. వంచిన తలల్లోంచి కళ్ళు మాత్రం చుట్టూ చెట్ల మొదళ్ళలో వెతికాయి. ఏమీ కనబడలేదు.

దహనం అయ్యాక ఎముకల కుండ గూట్లో పెట్టి మొరియో అన్నానికి కూర్చున్నాడు. “నాన్న ఆఖర్న ఏమన్నా చెప్పాడా?” అని, అన్నం కెలుకుతూ, “చోటు గురించి,” అన్నాడు.

“లేదు. నేను వెళ్ళేసరికే పోయారు.”

మొరియో చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. తండ్రి కోసమా, చోటు కోసమా అని ఆమె అడగలేదు. అతని గిన్నెలో ఇంకాస్త అన్నం వడ్డించింది. చెప్పాలని ఆ పూటా అనిపించలేదు, ఆ తర్వాత ఏనాడూ అనిపించలేదు.